నీళ్ళు తప్ప అన్నీ ఉన్న చలివేంద్రం

మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పని చెడగొట్టే ఉంటారు. ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసినవాళ్ళుంటారు. ఒకరి పెళ్ళికని బయల్దేరి, ఇంకొకరి పెళ్ళిలో భోంచేసి, చదివింపులు కూడా చదివించి వచ్చినవాళ్ళుంటారు. మీరంతా కాస్త పక్కకు జరగండి. నడి వేసవిలో, హైవే పక్కన, షామియానా వేయించి, మైకు పెట్టించి, రిబ్బను కట్టించి, ముఖ్య అతిథిని పిలిపించి, చుక్క నీళ్ళు లేని చలివేంద్రాన్ని ప్రారంభించిన మనిషిని నేను. మాది నందిగామ. మా అత్తవారిది జగ్గయ్యపేట. ఆ రెండూళ్ళ మధ్య ఏ బస్సెక్కినా ఇప్పటికీ కిటికీ పక్కన కూర్చోను, ఎవరైనా గుర్తుపడతారని.

అప్పటికి నా పెళ్ళై ఏడాది కూడా కాలేదు. హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం, నందిగామలో ఇంట్లో కూర్చుని చేసే పని. వేసవి మొదట్లో మా కంపెనీవాళ్ళు నన్నొక శిక్షణకు పంపారు. ఏ ప్రాజెక్టైనా మొదలుపెట్టే ముందు దాని విజన్, స్కోపు ఎలా రాసుకోవాలో అందులో నేర్పారు. విజన్ అంటే మనం ఎక్కడికి చేరాలనుకుంటున్నామో చెప్పే గొప్ప వాక్యం. స్కోపు అంటే మన పనికి మనం గీసుకునే గీత. గీతకు ఇవతల ఉన్నవి చేస్తాం, అవతల ఉన్నవి చెయ్యం. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతిని ఏసీ హాల్లో కూర్చోబెట్టి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, చివర్లో సర్టిఫికెట్ ఇచ్చి చెబితే మనిషికి ఎంత తలకెక్కుతుందో మీరు ఊహించలేరు. ఇంటికొచ్చాక నేను కూరగాయలకు వెళ్ళినా స్కోపు మాటే మాట్లాడేవాణ్ణి. "టమాటాలు తేలేదేం?" అని మా ఆవిడ హారిక అడిగితే, "నువ్వు బెండకాయలే చెప్పావు, టమాటాలు స్కోపులో లేవు" అన్నాను. ఆ పూట నా భోజనం కూడా స్కోపులో లేకుండా పోయింది.

అసలు కథలోకి వెళ్ళే ముందు పెరుగు సంగతి చెప్పాలి. మా పెళ్ళి జగ్గయ్యపేటలో ఘనంగా జరిగింది. ఏ లోటూ రాలేదు. చివరి బంతిలో మాత్రం మా నాన్న కూర్చున్న వరసకు పెరుగు రాలేదు. వడ్డించే అబ్బాయి బకెట్టు పట్టుకుని పక్క వరసలోకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు. మా నాన్న విస్తరి ముందు చెయ్యి ఎండబెట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి చారన్నంతోనే లేచారు. ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆపలేదు. మా ఇంటికి ఎవరొచ్చినా సరే, "పెళ్ళి బ్రహ్మాండంగా చేసారండి, పెరుగొక్కటే లేదు" అని మొదలుపెట్టేవారు.

మా మామయ్య కోటేశ్వరరావు గారికి జగ్గయ్యపేట మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు ఉంది. మా నాన్న మాట ఊరూరూ తిరిగి ఆ కొట్టు దాకా చేరింది. రైతులు వచ్చి ముందు పెరుగు సంగతి అడిగి, తర్వాత యూరియా అడిగేవారట. మామయ్య ఎంత బాధపడి ఉంటారో మీరే ఆలోచించండి. కూతురి పెళ్ళికి ఒళ్ళు హూనం చేసుకుంటే, లోకానికి గుర్తున్నది ఒక బకెట్టు.

పోనీ వాళ్ళిద్దరూ గట్టిగా పోట్లాడుకుంటారా అంటే, అదీ లేదు. వియ్యంకులు మావైపు పోట్లాడుకోరు. "బావగారూ" అంటే "బావగారూ" అనుకుంటారు. గుమ్మం దగ్గర ముందు మీరంటే ముందు మీరని లోపలికి వెళ్ళకుండా నిలబడతారు. లోపల మాత్రం ఇద్దరికీ పచ్చిమిరపకాయ కొరికినంత మంట. ఎప్పుడు ఎవరింటికి వెళ్ళినా నాకూ హారికకూ ఆ మర్యాదల మధ్య ఊపిరాడేది కాదు.

అలాంటి రోజుల్లో మామయ్యే ఒక మెట్టు దిగారు. ఒక ఆదివారం నాన్ననూ నన్నూ కొట్టుకు పిలిచి, కూల్‌డ్రింకులు తెప్పించి, గొంతు సవరించుకుని చెప్పారు.

"బావగారూ, ఈ ఎండలకి జనం అల్లాడిపోతన్నారు. రెండిళ్ళ పేరు మీదా ఒక చలివేంద్రం పెడదామండి. వచ్చినోళ్ళకి గ్లాసుడు చల్లగా పోద్దాం. ఏమంటారు?"

"మీరు అన్నాక ఇంకేముంది బావగారూ, మీరే కానివ్వండి."

"అబ్బే, మీరు ముందుండాలి. మీరు లేందే ఎట్టా?"

"మీ తర్వాతే మేము."

అంతే. పని అయిపోయింది. ఒక పందిరి, నాలుగు కుండలు, నీళ్ళు పోయడానికి ఒక మనిషి. అక్కడితో అందరం లేచి ఇళ్ళకు పోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు, నా పరువు ఉండేది. కానీ నేను చెయ్యి పైకెత్తాను.

"ఒక్క నిమిషం మామయ్య గారూ. మన విజన్ ఏంటి?"

మామయ్య నాన్నవైపు చూశారు. నాన్న గోడమీద గడియారంవైపు చూశారు.

"చెప్పా గదండీ అల్లుడు గారూ, గ్లాసుడు చల్లగా పోద్దామని."

"అది విజన్ కాదండి, అది పని."

"పనే గదండీ చెయ్యాల్సింది?"

"ప్రజాసేవకు దిగేటప్పుడు అట్లా దిగకూడదు మామయ్య గారూ. విజన్ లేకుండా దిగిన ప్రాజెక్టులన్నీ మధ్యలో ఆగిపోతాయండి. మాకు శిక్షణలో చెప్పారు."

నాన్న నెమ్మదిగా, "ఒరేయ్, కుండలో నీళ్ళు పోయడం మధ్యలో ఎట్టా ఆగుద్దిరా?" అన్నారు. ఆయన అడిగిన ప్రశ్న ఎంత మంచిదో నాకు నెల తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం పాతకాలం మనిషి, పాపం, అనుకున్నాను.

మామయ్య పెద్దమనిషి. కొత్త అల్లుడు చదువుకున్నవాడు, నలుగురిలో వెలగాలి అని ఆయన ఆశ. "అట్టాగే కానివ్వండి, మీకు తెలిసినట్టు రాయండి" అన్నారు. ఆ మాట విన్నాక నన్ను ఆపడం ఎవరి తరం కాలేదు.

తర్వాతి ఆదివారం రంగురంగుల చీటీల కట్టలతో కొట్లో దిగాను. వెనక జిగురు ఉంటుందే, ఆ రకం చీటీలు. అందరూ తమ మనసులోని ఆశయాన్ని చీటీమీద రాసి గోడకు అంటించాలి, అదీ పద్ధతి. కొట్లో గోడ కనపడితే కదా! అడుగునుంచి పైదాకా పురుగుమందుల పోస్టర్లు. అందుకని చీటీలు ఎరువుల బస్తాలకు అంటించాం. "పేదవాడి చిరునవ్వు" అని ఒకటి, "చల్లని భవిష్యత్తు" అని ఒకటి, "ఉమ్మడి ఆశయం" అని ఒకటి. అన్నీ నేను రాసినవే. నాన్న తన చీటీమీద "నీళ్ళు" అని రాశారు. మామయ్య తన చీటీమీద ఏమీ రాయలేక, మడిచి పళ్ళు కుట్టుకున్నారు.

మేమిలా ఆశయాల్లో ఉండగా కొట్లో బేరాలు ఆగవు కదా. సాయంత్రానికి సగం బస్తాలు అమ్ముడుపోయాయి. మర్నాడు వత్సవాయి నుంచి ఒక రైతు మామయ్యకు ఫోను చేశాడు.

"ఏవండీ, బస్తా మీద 'ఉమ్మడి ఆశయం' అని అంటించారు. కొత్త మందా? ఎకరానికి ఎంత కొట్టాలండి?"

మామయ్య, "అది మా అల్లుడు గారిదిలెండి, పైరుకి వాడకండి" అన్నారట.

చివరికి విజన్ తయారైంది. నేనే రాత్రనక పగలనక కూర్చుని చెక్కాను. "దాహమన్న మాటే వినపడని నందిగామ, జగ్గయ్యపేట." చదివి వినిపిస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. మామయ్య చప్పట్లు కొట్టారు. నాన్న, "ఊళ్ళో జనం దాహమేస్తే దాహమనే అంటారు గదరా" అన్నారు. పట్టించుకోలేదు.

ఇక స్కోపు. మొదటి ప్రశ్న, ఎక్కడ పెట్టాలి? నాన్న నందిగామ బస్టాండన్నారు. చందర్లపాడు నుంచి, వీరులపాడు నుంచి వచ్చేవాళ్ళంతా అక్కడే దిగుతారని ఆయన లెక్క. మామయ్య జగ్గయ్యపేట బస్టాండన్నారు.

"మీ ఊరే పెద్దది బావగారూ, మీ దగ్గరే పెడదాం" అన్నారు నాన్న. దాని అర్థం, ససేమిరా ఒప్పుకోనని.

"అబ్బే, మీ ఊళ్ళోనే జనం ఎక్కువండి, అక్కడే పెడదాం" అన్నారు మామయ్య. దాని అర్థం కూడా అదే.

ఇట్లాంటి చిక్కులు విప్పడానికే కదా నేను సర్టిఫికెట్ తెచ్చుకున్నది. కారు మీటరు చూసుకుంటూ వెళ్ళి, హైవే మీద రెండూళ్ళకూ సరిగ్గా మధ్యన ఒక చోటు పట్టుకున్నాను. ఒకవైపు పత్తి దుబ్బులు పీకేసిన చేను, ఇంకోవైపు నాలుగు తుమ్మచెట్లు. ఇల్లు లేదు, కొట్టు లేదు, మనిషి లేడు. బస్సు అక్కడ ఆగాల్సిన అవసరం దేవుడికి కూడా తోచదు. కానీ ఇద్దరికీ సమానదూరం. ఇద్దరూ మర్యాదకు తల ఊపారు. నా స్కోపు గీత గెలిచిందని పొంగిపోయాను.

రెండో ప్రశ్నతోనే కొంప మునిగింది. ఏం పోయాలి?

మామయ్య కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన ఈ చలివేంద్రం పెడదామన్నదే ఈ ప్రశ్న కోసమని నాకప్పుడు అర్థమైంది. "మజ్జిగ పోద్దామండి. చిక్కటి మజ్జిగ. అల్లం, కరేపాకు దంచి వేయిస్తా. జగ్గయ్యపేటోళ్ళు పాడికి లోటు చెయ్యరని అందరికీ తెలవాలి" అన్నారు. పెళ్ళినాటి మచ్చను మజ్జిగతో కడుక్కోవాలని ఆయన తాపత్రయం.

నాన్న మొహం కందగడ్డలా అయింది. పైకి నవ్వుతూనే, "ఎందుకు బావగారూ మీకు శ్రమ? కుండ నీళ్ళు చాలండి. వట్టివేళ్ళు వేసి చల్లగా పెడదాం. మా మునేరు పక్క బావి నీళ్ళు తెప్పిస్తా" అన్నారు. తర్వాత నన్ను బయటికి లాక్కెళ్ళి, పళ్ళ మధ్య నుంచి చెప్పారు. "ఏరా, పెళ్ళిలో నాకు వెయ్యని పెరుగుని ఇప్పుడు నీళ్ళు కలిపి ఊరందరికీ పోస్తాడంట్రా? నేను పక్కన నిలబడి చూడాలా? మజ్జిగ అంటే నేను రాను. నువ్వే చెప్పుకో మీ మామకి."

లోపలికొస్తే మామయ్య నన్ను బస్తాల చాటుకు పిలిచారు. "అల్లుడు గారూ, నీళ్ళంటే మాత్రం నా పరువు పోద్దండి. 'పెళ్ళికి పెరుగు లేదు, చలివేంద్రంలో మజ్జిగ లేదు' అంటారు. మీరే బావగారికి నచ్చజెప్పండి."

నేనేం చేశానో ఊహించగలరా? ఒకరి పక్షం మాట్లాడితే ఇంకొకరికి కోపం. శిక్షణలో ఒక చక్కటి ఉపాయం చెప్పారు. తేలని తగువుని గీతకు అవతల పెట్టెయ్యండి, తర్వాత చూసుకోవచ్చు, అని. నేను కాగితం తీసి, "ఈ దశలో మన పరిధిలోకి రానివి" అని రాసి, కింద "ఏమి పోయవలెను, ఎవరు తేవలెను" అని చేర్చాను.

"ఇది రెండో దశలో తేలుద్దాం. ఇప్పటికి ఇద్దరూ ఏమీ తేవద్దు" అన్నాను.

ఇద్దరి మొహాలూ విచ్చుకున్నాయి. ఇద్దరూ సంతకం పెట్టారు. చలివేంద్రం కాగితంలోంచి నీళ్ళు తీసేసి, రెండు కుటుంబాల మధ్య శాంతి నెలకొల్పానని ఆ పూట నా చేత్తో నేనే భుజం తట్టుకున్నాను.

మిగతావన్నీ పరిధిలోకి వచ్చాయి. కుండలు వచ్చాయి. గొలుసు కట్టిన స్టీలు గ్లాసులు, సలహాల పెట్టె, బీపీ చూసే మిషను, ఫోను చార్జింగు, చెప్పులు విడిచే చోటు కూడా వచ్చాయి. మర్నాడు ప్రారంభమనగా హారిక అడిగింది.

"అన్నీ బానే ఉన్నాయి. నీళ్ళెవరు తెస్తన్నారు?"

"అది రెండో దశ."

"మొదటి దశలో ఏం తాగుతారు?"

"అట్లా అడక్కూడదు హారికా. స్కోపు చూసి మాట్లాడాలి."

"సర్లే, నేనో రెండు క్యాన్లు కార్లో పెట్టిస్తా."

"అమ్మో, వద్దు! నువ్వు తెస్తే అవి నీ పుట్టింటి నీళ్ళా, అత్తింటి నీళ్ళా అని గొడవ లేస్తుంది."

హారిక నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత మెల్లగా అంది. "చూడు, ఇది మంచిగా జరిగితే రెండిళ్ళూ కలుస్తాయి. చెడిందా, మనిద్దరికీ జీవితాంతం వాళ్ళ మధ్య రాయబారాలే. రేపు మా నాన్న గారికి అవమానం జరిగితే మాత్రం నేను ఊరుకోను." ఆమె గొంతులో భయం ఉంది. అప్పుడైనా నా బుర్ర పని చెయ్యాలి. చెయ్యలేదు. నా బుర్రనిండా ఫ్లెక్సీ ఉంది.

ఆ సాయంత్రం మామయ్య ఫోను చేశారు. "మజ్జిగ తేవద్దన్నారు గదా, మరి బావగారు నీళ్ళేమైనా..." అని నసిగారు. "నాన్న మర్యాద మీరు కాపాడండి మామయ్య గారూ, చాలు" అన్నాను. నాన్న నీళ్ళు తెస్తున్నారు, తాను అడ్డు చెప్పకూడదు అని ఆయన అర్థం చేసుకున్నారు. నాన్న వచ్చి, "మీ మామ మజ్జిగ గాని పట్టుకొస్తన్నాడా?" అన్నారు. "ఆయన మర్యాద మీరు కాపాడండి నాన్నా" అన్నాను. మామయ్య మజ్జిగ తెస్తున్నారని ఈయనకు అర్థమై, మూతి ముడుచుకుని సర్దుకున్నారు. నా సంగతంటారా? పెద్దవాళ్ళు కదా, ఎవరో ఒకరు మాట దాటి పట్టుకొస్తారులే అనుకున్నాను. మావాళ్ళు అంత బుద్ధిమంతులని నాకేం తెలుసు?

మర్నాడు పొద్దున పదింటికే ఎండ పెనంలా కాలుతోంది. షామియానా కింద యాభై మందిమి చేరాం. ముఖ్య అతిథి రామబ్రహ్మం మాస్టారు. రెండూళ్ళలోనూ లెక్కలు చెప్పి రిటైరయ్యారు కనుక ఆయన మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఎనభై దాటిన మనిషి, మైకు దొరికితే మాత్రం పాతికేళ్ళ కుర్రాడు. వెనకాల మనిషెత్తు ఫ్లెక్సీ. పైన నాన్న, మామయ్యల ఫొటోలు, స్కేలు పెట్టి కొలిపించిన సమానమైన సైజులో. కింద నా విజన్. దాని కింద స్కోపు మొత్తం, పరిధిలోకి రానివాటితో సహా. పారదర్శకత ఉండాలని నేనే పట్టుబట్టి వేయించాను.

మాస్టారు రిబ్బను కత్తిరించి మైకు అందుకున్నారు. నీటి విలువ గురించి చెప్పారు. నీరు లేనిదే జీవి లేదన్నారు. మానవ శరీరంలో నీరెంతో చెప్పారు, భూగోళం మీద నీరెంతో చెప్పారు. ఎక్కడెక్కడ ఎంతెంత నీరుందో ఆయన చెప్పేకొద్దీ మా నాలుకలు పిడచగట్టుకుపోయాయి. చివరికి ఆయన గొంతు కూడా పట్టేసింది. దగ్గి, కళ్ళు తుడుచుకుని, మైకులోనే అన్నారు.

"నాయనా, ఓ గ్లాసు నీళ్ళిలా ఇయ్యి."

మామయ్య వెంటనే నాన్నవైపు తిరిగి చేతులు జోడించారు. "బావగారూ, మీ చేత్తో ఇప్పించండి."

"భలేవారే. మీ చేతి మీదుగానే జరగాలి బావగారూ."

"కాదు కాదు, మీరు తెచ్చినయ్యి మీరే ఇయ్యాలి."

"నేను తేవడమేంటండీ, మీరు గదా తెచ్చింది?"

"నేనా?"

"మీరు కాదా?"

ఇద్దరూ నెమ్మదిగా నావైపు తిరిగారు. వాళ్ళతోపాటు యాభై మందీ తిరిగారు. మామయ్య ఒక కుండ మూత తీసి లోపలికి చూశారు. కొత్త కుండ, ఎర్రగా, పొడిగా ఉంది. లోపల ఒక సాలీడు కూడా లేదు. మామయ్య మొహం చూడలేకపోయాను. పెళ్ళిలో పెరుగు లేదన్న మాటే ఇంకా మోస్తున్నారు, ఇప్పుడు మైకు ముందు నీళ్ళు లేవు. హారిక తలదించుకుంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని వెనక్కి తిరిగి ఫ్లెక్సీ చదివారు. మైకు ఆపలేదు.

"నాయనా, ఇక్కడ నీళ్ళు పరిధిలోకి రావని రాసుందే?"

"రెండో దశండి" అన్నాను.

"నేను ఆ దశదాకా ఉంటానంటావా?"

"ఎవరి దగ్గరైనా బాటిలుందా?" అని హారిక అరిచింది. ఒక్కరి దగ్గరా లేదు. మనం వెళ్ళేదే చలివేంద్రానికి కదా, మళ్ళీ నీళ్ళెందుకు మోత అని యాభై మందీ విడివిడిగా అనుకుని, అందరూ ఖాళీ చేతులతో వచ్చారు. మామయ్య డ్రైవరు కారు తీసి జగ్గయ్యపేటవైపు ఉరికాడు. మా తమ్ముడు ఇంకో కారులో నందిగామవైపు ఉరికాడు. చేల అవతల ఉన్న పల్లెకు వెళ్ళి బిందెడు నీళ్ళు అడగాలని ఇద్దరికీ తోచలేదు. ఎవరి ఊరి నీళ్ళు వాళ్ళకు కావాలి. మిగతావాళ్ళను దింపిన ఆటోలు ముందే వెళ్ళిపోయాయి. ఉన్న రెండు కార్లూ పోయాక మేం, ఎండ, మైకు మిగిలాం.

సరిగ్గా అప్పుడే బస్సొచ్చింది. ఎప్పుడూ ఆగని చోట, ఫ్లెక్సీ మీద చలివేంద్రమన్న అక్షరాలు చూసి ఆగింది. జనం ఖాళీ బాటిళ్ళూ సగం బాటిళ్ళూ పట్టుకుని బిలబిలమంటూ దిగారు. అందరికన్నా ముందు ఒక పెద్దావిడ కుండ దగ్గరికొచ్చి గ్లాసు ముంచింది. ఖణేల్‌మంది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఖణేల్‌మంది.

"ఏం నాయనా, నీళ్ళేయి?"

"ఈ దశలో లేవు పెద్దమ్మా."

"నీళ్ళు లేకుండా పందిరేసుకోని ఏం జేస్తన్నారయ్యా ఇంతమంది?"

జవాబు చెప్పేలోపు మాస్టారు కుర్చీలోకి ఒరిగారు. ఆవిడ ఇక నన్నేమీ అడగలేదు. తన సంచిలోంచి బాటిలు తీసి ఆయన నోటికి పట్టింది. బస్సు జనానికి అప్పుడు సంగతి అర్థమైంది. "అయ్యో, వీళ్ళకే నీళ్ళు లేవంట!" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని, వరసలో నిలబడి, తమ బాటిళ్ళలో మిగిలిన నీళ్ళు మా కుండలో ఒంపసాగారు. దాహంతో వచ్చిన జనం చలివేంద్రానికి నీళ్ళు పోసి వెళ్ళిన ఘట్టం ఇంకెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు. జరిగితే అక్కడ కూడా సర్టిఫికెట్ ఉన్నవాడు ఒకడు ఉండే ఉంటాడు.

కుండలో కాస్త నీళ్ళు చేరాక పెద్దావిడ గ్లాసు ముంచి వియ్యంకులవైపు చాపింది. ఇద్దరి గొంతులూ ఎండిపోయి మాట పెగలడం లేదు. అయినా సరే.

"ముందు మీరు తాగండి బావగారూ."

"అబ్బే, ముందు మీరు."

"పెద్దవారు, మీరు..."

"ఎవరో ఒకరు తాగండయ్యా, బస్సు పోతంది!" అని ఆవిడ గసిరింది.

ఆ గదమాయింపుకి నాన్న చటుక్కున గ్లాసు అందుకుని సగం తాగి, మిగతా సగం మామయ్య చేతికిచ్చారు. ఎంగిలనీ, మర్యాదనీ చూసుకోకుండా మామయ్య గటగటా తాగేశారు. బస్సు వెళ్ళిపోయింది. తర్వాత నాన్న మెల్లగా, "ఏమైనా సరే బావగారూ, మజ్జిగైతే బావుండేది" అన్నారు. మామయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు మనసు తేలికపడింది.

తేలికపడి దగ్గరికి వెళ్ళాను. అదే నేను చేసిన రెండో తప్పు.

"వీణ్ణి ఏమనాలి బావగారూ?" అన్నారు నాన్న.

"మీరు పెంచారని ఇన్నాళ్ళూ ఊరుకున్నానండి" అన్నారు మామయ్య.

"మీ అల్లుడని నేనూ నోరు మెదపలా."

"ఆ చీటీలు బస్తాలకి అంటించిననాడే అనుకున్నా."

"కొట్టు నాశనం చేసాడు గదండీ! అయ్యో, అప్పుడే చెప్పకపోయారా!"

"మీరేమనుకుంటారోనని."

"మీరేమనుకుంటారోనని నేను."

అక్కణ్ణుంచి ఒకరి మాట ఇంకొకరు అందుకుంటూ, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు గుర్తుచేస్తూ, భుజాల మీద చేతులేసుకుని మరీ తిట్టారు. పెళ్ళైనప్పటి నుంచి వాళ్ళు ఇంత మనసు విప్పి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మాస్టారు తేరుకుని మధ్యమధ్యలో నా తప్పులన్నీ కూడి మొత్తం ఎంతో చెప్పారు. ఇంతలో రెండు కార్లూ రెండువైపుల నుంచి క్యాన్లతో వచ్చాయి. ఎవరికీ దాహం లేదు. తిట్టడంలో కడుపు నిండిపోయింది.

హారిక నా పక్కకు వచ్చి నిలబడి, వాళ్ళవైపు చూస్తూ, "రెండిళ్ళూ కలిశాయి" అంది.

"నీకు ముందే చెప్పాగా, విజన్ ముఖ్యమని" అన్నాను.

దానికి ఆమె అన్న మాట ఇక్కడ రాయడం పరిధిలోకి రాదు.

మర్నాటి నుంచి వియ్యంకులిద్దరూ కలిసి జగ్గయ్యపేట బస్టాండులో మజ్జిగ, నందిగామ బస్టాండులో కుండ నీళ్ళు పెట్టారు. ఎవరూ ఏ కాగితమూ రాయలేదు. ఇప్పటికీ ఏటా వేసవి రాగానే ఒకరికొకరు ఫోను చేసుకుని, "ఎల్లుండి నుంచి పెడదామండి" అనుకుంటారు, పెట్టేస్తారు. ఆ ఫోన్ల చివర్లో ఇద్దరూ తప్పకుండా అనుకునే మాట ఇంకొకటి ఉంది. "అబ్బాయికి చెప్పకండి."

కనుక పంచభూతాల సాక్షిగా, అందులోనూ ముఖ్యంగా నీటి సాక్షిగా, ఈ కథ చదువుతున్న పెద్దలందరి సమక్షంలో శపథం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నలుగురికి మంచి చేద్దామని బయల్దేరినప్పుడు నేను చెయ్యి పైకెత్తను. ఎత్తితే ఆ చేతిలో బిందె ఉంటుంది, బిందెలో నీళ్ళుంటాయి, నోరు మూసి ఉంటుంది.